టర్కిష్ యెది, మన ఏడు: అంకెల పేర్లు ఎవరి నుంచి ఎవరికి వెళ్ళాయి?

బెర్లిన్_బాపట్ల
శుక్రవారం భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంకా నన్ను వదల్లేదు. మా టీమ్‌లో ఒకతను టర్కీ కుటుంబం వాడు. వాళ్ళ తాత 1960లలో ఇక్కడికి, బెర్లిన్‌కి, ఫ్యాక్టరీ పనికి వచ్చి క్రాయిట్స్‌బర్గ్‌లో స్థిరపడ్డారు. మనిషి చాలా మంచివాడు, కానీ వాళ్ళ భాష మాటెత్తితే ఇక ఆగడు. యూరప్ వాళ్ళ అంకెలన్నీ టర్కిష్ నుంచే వచ్చాయంటాడు. వాళ్ళ లెక్క ఇలా ఉంటుంది: బిర్, ఇకి, ఉచ్, దోర్త్, బెష్, అల్తి, యెది, సెకిజ్, దోకుజ్, ఓన్. "మా సెకిజ్‌కీ జర్మన్ జెక్స్‌కీ తేడా ఏముంది? మా దోర్త్ కాదా రష్యన్ చెతీరె?" అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో నేను "మీ యెది మా ఏడులాగే ఉందే" అన్నాను. అంతే, బల్ల మీద గట్టిగా కొట్టి "అయితే తెలుగూ మా నుంచే!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు జవాబు దొరకలేదు.

నిజంగా యెదికీ ఏడుకీ చుట్టరికం ఉందా? లేకపోతే లేదని ఎలా చెప్పాలి? సోమవారం మళ్ళీ ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి.

ఊరగాయ_జాడీ
సెకిజ్ అంటే ఎనిమిది, జెక్స్ అంటే ఆరు కదా. ఆరు కాయలు ఇచ్చి ఎనిమిది అని లెక్క చెబితే మా వీధి కూరగాయల అవ్వ ఊరుకోదు.

సందేహాల_పుట్ట
సెకిజ్ సంగతి వదిలేయండి, యెదిని మాత్రం కొట్టిపారేయకండి. అర్థమూ ఒకటే, పలకడమూ దాదాపు ఒకటే. ద్రావిడ భాషలకీ మధ్య ఆసియా భాషలకీ సంబంధం ఉందన్న మాట కొత్తదేమీ కాదు. ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ 1856లోనే అలాంటి ఊహ చేశాడు.

శబ్దార్థం
ఊహ చేశాడు, నిజమే. రుజువు మాత్రం ఇప్పటికీ నిలబడలేదు. బాపట్ల గారి ప్రశ్నకి జవాబు చెప్పడానికి కాల్డ్‌వెల్ దాకా వెళ్ళక్కర్లేదు, ఆ రెండు మాటలనీ కొంచెం వెనక్కి నడిపిస్తే చాలు.

ముందు మన ఏడు. తమిళంలో ఏఴు, మలయాళంలో ఏఴు, కన్నడలో ఏళు. ఴ అంటే ళకీ రకీ మధ్యలో వినిపించే ధ్వని. పాత తెలుగులోనూ ఈ ఴ అక్షరం విడిగా ఉండేది. రేనాటి చోళుల శాసనాల్లో వాళ్ళ పేరు 'చోఴ' అనే ఉంటుంది. మాట మధ్యలో ఉన్న ఆ ధ్వని తర్వాతి కాలంలో మనకి డ అయిపోయింది. తమిళుల కోఴి మన కోడి. వాళ్ళ నిఴల్ మన నీడ. నాగలికి ఉండే మేఴి మన మేడి. అదే దారిలో ఏఴు ఏడు అయింది. అంటే మన ఏడులో డ తర్వాత వచ్చి చేరింది.

ఇప్పుడు వాళ్ళ యెది. టర్కిష్ కుటుంబాన్ని తుర్కిక్ భాషలు అంటారు. అందులో కజక్‌లో జెతి, ఉజ్బెక్‌లో యెత్తి, సైబీరియాలోని యాకూత్‌లో సెత్తె. మంగోలియాలో ఓర్ఖోన్ నది దగ్గర 8వ శతాబ్దపు తుర్కిక్ శాసనాలు ఉన్నాయి, కుల్ తెగిన్ స్మారక శిల 732 నాటిది. ఆ కాలపు రూపం యెతి. అందులో ఉన్నది త, టర్కీ టర్కిష్‌లో అది మెత్తబడి ద అయింది.

అంటే వెనక్కి వెళితే ఒక పక్క ఏఴు, ఇంకో పక్క యెతి. ఇవాళ ఒకేలా వినిపిస్తున్న మాటలు వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళేసరికి దూరం జరిగాయి.

దీనికి పూర్తిగా ఎదురు నడిచే జంట ఇంగ్లీషు ఫైవ్, సంస్కృతం పంచ. ఇవాళ వింటే ఏ పోలికా లేదు. జర్మన్‌లో ఫున్ఫ్, పాత గోతిక్‌లో ఫింఫ్, గ్రీకులో పెంతె. అటు ప ఉన్నచోట ఇటు ఫ రావడం ఈ ఒక్క మాటలోనే కాదు: పితృ, ఫాదర్. పాద, ఫుట్. పశు, పాత జర్మన్‌లో ఫిహు. ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో జరిగిన ఈ మార్పుని 1822లో యాకోబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు సూత్రంగా పెట్టాడు. నిజమైన చుట్టాలు వెనక్కి వెళ్ళేకొద్దీ దగ్గరవుతారు. మీ ఫ్రెండ్‌కి ఇదొక్కటీ చెప్పండి.

బెర్లిన్_బాపట్ల
కోఴి కోడి దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. చెన్నైలో నాలుగేళ్ళు చదివాను. రోజూ విన్న మాటే, ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

సందేహాల_పుట్ట
ఒప్పుకుంటాను, కానీ ఏడు ఒక్కటే కదా తేలింది. దోర్త్, చతుర్ సంగతేంటి? బెష్, పంచ సంగతేంటి? ఒకటి యాదృచ్ఛికం అంటే సరే, వరసగా రెండూ మూడూ యాదృచ్ఛికమేనా?

శబ్దార్థం
మంచి ప్రశ్న. బెష్ తీసుకోండి. రష్యాలో వోల్గా దగ్గర చువాష్ అని ఒక తుర్కిక్ భాష ఉంది. మిగతా తుర్కిక్ భాషల నుంచి చాలా ముందే విడిపోయింది. అందులో అయిదు పిల్లెక్. చివర ష్ ఉండాల్సిన చోట ల ఉంది. రాయిని టర్కిష్‌లో తాష్ అంటే చువాష్‌లో చుల్ అంటారు. చలికాలం అక్కడ కిష్, ఇక్కడ హెల్. ష్, ల జంట వరసగా కనిపిస్తోంది కదా. కాబట్టి బెష్ ఆ కుటుంబంలో పుట్టి పెరిగిన మాటే, పంచ నుంచో పెంతె నుంచో వచ్చింది కాదు. అరువు తెచ్చుకున్నదైతే మధ్యలో ఆ న కూడా కనిపించాలి.

ఇక నాలుగు. మంగోల్ లెక్క నెగ్, ఖొయొర్, గురవ్, దొరొవ్, తవ్. ఇందులో దొరొవ్ ఒక్కటే దోర్త్‌కి దగ్గరగా ఉంది. తుర్కిక్, మంగోల్ ఒకే కుటుంబం అన్నవాళ్ళకి ఈ అంకెలే పెద్ద అడ్డు. జెరార్డ్ క్లాసన్ అనే పండితుడు దీన్నే పట్టుకుని, ఒకే తల్లి బిడ్డలైతే ఒకటి, రెండు, మూడు కూడా కలవవా అని వాదించాడు. వందల ఏళ్ళు పక్కపక్కనే గుర్రాలు మేపుకున్న వాళ్ళకే అంకెలు కలవలేదు, ఇక టర్కిష్‌కీ రష్యన్‌కీ ఎక్కడ కలుస్తాయి?

రైలుబండి
పది మాటలున్న ఏ రెండు పట్టీలు పక్కపక్కన పెట్టినా ఒకటో రెండో కలుస్తాయి. మా బోగీలో ప్రతి ట్రిప్పులోనూ నా పేరే ఉన్న ఇంకొకాయన కనబడతాడు. చుట్టం కాదు.

పాతబస్తీ_చాయ్
చుట్టరికం లేకపోయినా మాటలు ప్రయాణం చేస్తాయి, అది మర్చిపోకండి. బాపట్ల భాయ్, మీ దోస్తు తావ్లా ఆడతాడా అని అడుగు. రెండు పాచికలతో ఆడతారు, మనం బ్యాక్‌గామన్ అంటాం. టర్కీలో చాయ్ దుకాణాల్లో ఆ ఆట ఆడేటప్పుడు బిర్ ఇకి అనరు. యెక్, దు, సె, జిహార్, పెంచ్, షెష్ అంటారు. అన్నీ ఫార్సీ. మా ఇంట్లో నానా ఉర్దూ, ఫార్సీ రెండూ చదివినవాడు, ఆయన వింటే ఇది మా బడి లెక్క అనేవాడు. రెండు ఆర్లు పడితే దుషెష్. ఆరు, అయిదు పడితే షెష్ బెష్. షెష్ ఫార్సీ, బెష్ టర్కిష్, రెండూ ఒకే పందెంలో.

వారాలు కూడా అంతే. వాళ్ళ బుధవారం చార్షంబా, గురువారం పెర్షెంబె. చహార్, పంజ్. మా దగ్గర సఫర్ నెలలో ఆఖ్రీ చహార్‌షంబా చేసుకుంటారు, అదే మాట. చార్మినార్‌లో ఉన్న చార్ కూడా ఈ బంధువే. ఇరాన్ నుంచి అటు ఇస్తాంబుల్ దాకా, ఇటు మా గల్లీ దాకా వెళ్ళింది.

గవ్వలాట
పాతబస్తీ గారి మాట చదవగానే మా అమ్మమ్మ ఇంటి అరుగు గుర్తొచ్చింది. అష్టాచెమ్మాలో మనం మాత్రం ఎనిమిది అంటామా? నాలుగు గవ్వలూ బోర్లా పడితే "అష్టా!" అని అరుస్తాం. ఎప్పుడూ సంస్కృతం మాట్లాడని మా అమ్మమ్మకి ఎనిమిది పందెం మాత్రం అష్టానే. టర్కీ వాళ్ళకి ఆటలోకి ఫార్సీ వచ్చినట్టు మనకి ఆటలోకి సంస్కృతం వచ్చింది. ఇంట్లో పెసలు లెక్కపెట్టేటప్పుడు మళ్ళీ ఎనిమిదే.

ఊరగాయ_జాడీ
మా ఊళ్ళో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు. లాభం, రెండు, మూడు అని మొదలెడతారు. రెండు వేల ఏళ్ళ తర్వాత ఎవరో పండితుడు వచ్చి తెలుగులో ఒకటిని లాభం అనేవారు అని రాయకుండా ఉంటే చాలు.

శబ్దార్థం
ఊరగాయ గారూ, మీరు నవ్వుతూ అన్నా అది నిజంగా పనికొచ్చే మాట. ఎక్కడ లెక్కపెడుతున్నారు, ఎందుకు లెక్కపెడుతున్నారు అన్నది చూడకుండా అంకెల పట్టీ ఒక్కటే రాసుకున్నవాళ్ళు ఇలాంటి చోటే బోల్తా పడతారు.

కోపెన్‌హాగన్_చలి
నాది కొంచెం పక్కదారి, కానీ చెప్పాలి. డెన్మార్క్ వచ్చిన కొత్తలో సంతలో ఒకావిడ ఆపిల్ బుట్టకి 'త్రెస్' అంది. త్రె అంటే మూడు అని అప్పటికే నేర్చుకున్నాను, కాబట్టి ముప్పై అనుకుని 30 క్రోనర్లు చేతిలో పెట్టాను. ఆవిడ చెయ్యి చాచి అలాగే నిలబడింది. త్రెస్ అంటే అరవై! మూడు ఇరవైలు అన్నమాట.

ఇక యాభై చూడండి: హాల్వ్‌త్రెస్. అర్థం 'సగం మూడోది ఇరవైలు'. రెండు నిండుగా, మూడోది సగం, అంటే రెండున్నర. రెండున్నర ఇరవైలు యాభై. తొంభై హాల్వ్‌ఫెంస్, అంటే నాలుగున్నర ఇరవైలు. ఇక్కడ పుట్టినవాళ్ళు ఇది ఆలోచించరు, యాభై అంటే యాభై అంతే. పక్కనే ఉన్న స్వీడన్ వాళ్ళకి మాత్రం ఇది తలనొప్పి.

లెక్కల_టీచర్
కోపెన్‌హాగన్ గారి 'సగం మూడోది' మన దేశంలోనే ఉంది! హైదరాబాద్‌లో రెండున్నరని ఢాయీ అంటాం కదా. అది సంస్కృతం అర్ధతృతీయ నుంచి ప్రాకృతం మీదుగా అరిగి అరిగి వచ్చిన మాట. అర్ధతృతీయ అంటే సగం మూడోది. డెన్మార్క్ వాళ్ళదీ అదే లెక్క. జర్మన్‌లో రెండున్నర గంటలు అయితే హాల్బ్ ద్రై, 'సగం మూడు' అంటారు. రష్యన్‌లో ఒకటిన్నర పొల్తొరా, సగం రెండోది. ఇరవై ఏళ్ళుగా భిన్నాలు చెబుతున్నాను, ఢాయీ వెనక ఇది ఉందని తెలిసిన రోజు క్లాసులో పాఠం ఆపి పిల్లలకి చెప్పాను.

ఉన్నీస్ కూడా అంతే. ఏకోనవింశతి, ఇరవైకి ఒకటి తక్కువ. లాటిన్‌లో 19 ఉన్‌దెవిగింతి, అదే అర్థం.

పాతబస్తీ_చాయ్
వల్లా! రోజూ ఢాయీ అంటాను. ఢాయీ కిలో మటన్ అని అడిగేటప్పుడు ఇక నుంచి డెన్మార్క్ గుర్తొస్తుంది.

నార్వే_వాన
మా దగ్గర ఏకంగా పార్లమెంటే లెక్క మార్చింది. పాత నార్వేజియన్‌లో జర్మన్‌లాగే 'అయిదూ ఇరవై' అనేవారు. టెలిఫోన్ నంబర్లు చెప్పేటప్పుడు తికమక అవుతోందని టెలిఫోన్ వాళ్ళే అడిగారు, 1951లో 'ఇరవై అయిదు' అనే వరసని అధికారికం చేశారు. డెబ్భై ఏళ్ళు దాటినా కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ పాత వరసే అంటారు. మా ఇంటి ఓనరమ్మ అద్దె చెప్పినప్పుడల్లా కాగితం మీద రాయించుకుంటాను.

జెనీవా_జిలేబి
ఫ్రెంచ్ వాళ్ళ తొంభై అయితే క్వాత్ర్ వాన్ దిస్, నాలుగు ఇరవైలు పది. ఇక్కడ స్విట్జర్లాండ్‌లో నొనాంత్ అంటారు, హాయిగా ఒకే మాట. ప్యారిస్ నుంచి వచ్చిన కొలీగ్ ఆర్నెల్లు తిరిగేసరికి నొనాంత్‌కి మారిపోయాడు.

సందేహాల_పుట్ట
ఈ ఇరవైల గొడవంతా సరే. నా అసలు అనుమానం వేరే. అంకెలు ఊరికే అరువు తీసుకోరు అంటారు కదా. ముఖ్యంగా పది లోపువి. అవి మాట నేర్చిన మొదట్లోనే వచ్చేస్తాయి, అందుకే గట్టిగా నిలబడతాయి. మరి అరువు వాదన అంత సులువుగా ఎందుకు ఒప్పుకోవాలి?

శబ్దార్థం
పెద్ద సంఖ్యలు చాలా సులువుగా చేతులు మారతాయి. ఫిన్నిష్ వాళ్ళ వంద సత, మన శతమే. ఇరాన్ వైపు భాషలతో వేల ఏళ్ళ కిందటి పరిచయం అది. హంగేరియన్ వంద సాజ్, వెయ్యి ఎజెర్, రెండూ అటు నుంచి వచ్చినవే. ఆ ఎజెర్ హజార్‌కి బంధువు. దక్షిణాన చూస్తే తమిళం ఆయిరం, కన్నడం సావిర రెండూ సహస్రం నుంచి వచ్చాయి. వెయ్యికి సొంత మాట నిలబెట్టుకున్నది మనమే, నాకు అది చాలా ఇష్టమైన సంగతి. లక్ష, కోటి దగ్గర మాత్రం మనమూ సంస్కృతానికి వెళ్ళాం. సంత పెద్దదయ్యేకొద్దీ పెద్ద సంఖ్యలు కావాలి, ఆ సంతలో పెత్తనం ఎవరిదైతే వాళ్ళ మాటే వస్తుంది.

సంచారి_సైకిల్
పది లోపువి కూడా పోతాయి సందేహాల గారూ, నేను చెవులారా విన్నాను. స్లొవేకియాలో ఒక గోడౌన్‌లో రెండేళ్ళు పనిచేశాను. నాతో పాటు ఒక రోమా పెద్దాయన ఉండేవాడు, జిప్సీలు అంటారే, వాళ్ళు. ఒకరోజు డబ్బాలు ఎత్తుతూ లెక్కపెడుతున్నాడు: ఎఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్. నా చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. ఎక్కడి స్లొవేకియా, ఎక్కడి పాంజ్! తర్వాత ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా అన్నాడు, అవి నాకు తెలియనివి. మళ్ళీ పది దెష్. ఇరవై బిష్. ఆ మధ్యలో మూడూ ఎక్కడివని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

శబ్దార్థం
ఆ మూడూ గ్రీకు. గ్రీకులో ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా ఏడు, ఎనిమిది, తొమ్మిది. రోమా ప్రజల పూర్వీకులు మన దేశం నుంచి బయలుదేరి, ఇరాన్, అర్మేనియా దాటి, గ్రీకు మాట్లాడే బైజాంటిన్ రాజ్యంలో చాలా కాలం గడిపారు. ఇవాళ్టి టర్కీ భూమే అది. అక్కడే ఆరు దాటిన మూడు అంకెలు గ్రీకువి అయిపోయాయి. ముప్పై త్రియాంద కూడా గ్రీకే. వంద మాత్రం షెల్, మన శతం. ఎవరూ రాజ్యాల చరిత్ర రాసిపెట్టని ఆ మనుషులు ఏ దారిన వెళ్ళారో చెప్పడానికి వాళ్ళ అంకెలే ఆధారం అయ్యాయి. బాపట్ల గారూ, మీ ఫ్రెండ్ వాదం కంటే ఇది ఎన్నో రెట్లు గొప్ప కథ.

సందేహాల_పుట్ట
ఇది నాకు తెలియదు. పది లోపువి గట్టిగా నిలబడతాయన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తండా_బిడ్డ
సంచారి అన్నా, నీ పోస్టు మా నాయనమ్మకి చదివి వినిపించాను. మాది మహబూబాబాద్ వైపు లంబాడా తండా. మా గోర్ మాటలో కూడా తీన్, చార్, పాంచ్. "వాళ్ళు మనోళ్ళే ఏమో" అంది. అంత దూరం నుంచి ఒకే రకం లెక్క వినబడితే అట్లనే అనిపిస్తది. కానీ మా తమ్ముళ్ళు గోర్‌లో ఇరవై దాటి లెక్కపెట్టలేరు. తెలుగులో కూడా పెట్టరు, ట్వెంటీ వన్, ట్వెంటీ టూ అంటరు.

డాలస్_దొండకాయ
తండా బిడ్డ గారి ఆఖరి వాక్యం చదివి నేనిక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. తెలుగు బాగానే మాట్లాడతాడు. మొన్న మా నాన్న ఫోన్లో "నాకు డెబ్భై ఆరు వచ్చిందిరా" అంటే వాడు నా వైపు చూశాడు. సెవెంటీ సిక్స్ అని నేను చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో పెరిగాడు కదా అనుకున్నాను. సెలవుల్లో విజయవాడ వెళితే మా అక్క పిల్లలదీ అదే పరిస్థితి! పది దాకా చెబుతారు, పదకొండు నుంచి ఇంగ్లీషు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. శబ్దార్థం గారూ, రోమా వాళ్ళకి జరిగింది ఇలాగేనా?

శబ్దార్థం
దాదాపు ఇలాగే జరిగి ఉంటుంది. ఒక్కరోజులో ఎవరూ నిర్ణయించరు. ధరలు, ఫోన్ నంబర్లు, మార్కులు అన్నీ ఒక భాషలో నడుస్తుంటే ఇంటి లెక్క మెల్లగా చిన్నదైపోతుంది.

లెక్కల_టీచర్
మా బడిలో నేను ఎక్కాలు తెలుగులో చెప్పిస్తాను. మీడియం ఇంగ్లీషే. పై వాళ్ళు ఒకసారి అభ్యంతరం పెట్టారు, టెన్షన్ పడ్డాను కూడా. ఆపలేదు. డాలస్ గారూ, మీ నాన్నగారితో రోజూ ఒక ఎక్కం ఫోన్లో చెప్పించండి. తాత గొంతుతో విన్నది పోదు.

డాలస్_దొండకాయ
ఈ రాత్రే మొదలుపెడతాను. పదమూడో ఎక్కం నాన్నకి చాలా ఇష్టం.

బెర్లిన్_బాపట్ల
ఇంత వస్తుందని అనుకోలేదు. ఇంకో మాట అడగాలి. మా వాడు ఇంకోటి కూడా అంటాడు: టర్కిష్ లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది, పదకొండు ఓన్ బిర్, పన్నెండు ఓన్ ఇకి, ఇంగ్లీషు ఎలెవెన్‌లాగ గందరగోళం లేదు, కాబట్టి మాదే పాతది. ఇది నిజమా?

శబ్దార్థం
శుభ్రంగా ఉన్నది నిజం. పాతది అనడానికి అది ఆధారం కాదు. ఆ ఓర్ఖోన్ శాసనాల్లో పదకొండు ఓన్ బిర్ కాదు, బిర్ యెగిర్మి. మాటకి మాట చెబితే 'ఒకటి ఇరవై'. ఇరవై వైపు వెళ్ళే రెండో పదిలో ఒకటోది అని. ఇరవై ఏడు యెతి ఒతుజ్, 'ఏడు ముప్పై'. వాళ్ళ తాతల లెక్క అది. ఫిన్నిష్‌లో ఇప్పటికీ పదకొండు యుక్సితోయిస్త, 'రెండో దానిలో ఒకటి'.

ఇంగ్లీషు ఎలెవెన్‌ని గందరగోళం అనడమూ అన్యాయం. పాత జర్మానిక్‌లో అది 'ఒకటి మిగిలింది', ట్వెల్వ్ 'రెండు మిగిలాయి'. పది తీసేశాక మిగిలినవి. లిథువేనియన్‌లో పందొమ్మిది దాకా ఇదే పద్ధతి. అయినా పదకొండు, పన్నెండు మనకి మాత్రం శుభ్రంగా ఉన్నాయా? పది ఒకటి అనం కదా.

టర్కిష్ పదుల్లోనూ ముడులున్నాయి. ఇరవై యిర్మి, ముప్పై ఒతుజ్, నలభై కిర్క్, యాభై ఎల్లి. వీటిలో ఇకి, ఉచ్, దోర్త్, బెష్ ఎక్కడా కనిపించవు. సెక్సెన్, దోక్సన్ దగ్గరే ఎనిమిది పదులు, తొమ్మిది పదులు తేలిగ్గా దొరుకుతాయి.

సంచారి_సైకిల్
రష్యన్ నలభై కూడా అంతే. ఇరవై ద్వాద్సత్, ముప్పై త్రీద్సత్, హఠాత్తుగా నలభై సోరక్! బొచ్చు తోళ్ళు నలభై చొప్పున మూటకట్టి అమ్మేవారని, ఆ సంచి పేరే సంఖ్య అయిందని ఒక వివరణ. గ్రీకు నలభై నుంచి వచ్చిందని ఇంకోటి. నాకైతే తోళ్ళ మూట కథే నచ్చింది.

పాతబస్తీ_చాయ్
నలభై మామూలు సంఖ్య కాదు భాయ్. బాలింతకి మా ఇళ్ళల్లో నలభై రోజులు చిల్లా. ఫార్సీ చెహెల్, నలభై. టర్కిష్‌లో అదే మాట చిలె అయింది, దర్వేషులు నలభై రోజులు ఒంటరిగా ఉండే దీక్ష. ఇప్పుడు మామూలుగా కష్టాలు పడటాన్ని అంటారు. కప్పు కాఫీకి నలభై ఏళ్ళ కృతజ్ఞత ఉంటుందని వాళ్ళ సామెత, అక్కడ మాత్రం సొంత మాట కిర్క్.

లెక్కల_టీచర్
సున్నాని అందరూ మర్చిపోయారు. మన శూన్యాన్ని అరబ్బులు అర్థం చూసి సిఫ్ర్ అన్నారు, ఖాళీ అని. 1202లో ఇటలీ వాడు ఫిబొనాచ్చి దాన్ని లాటిన్‌లో జెఫిరుమ్ అని రాశాడు, అది అరిగి జీరో అయింది. అదే సిఫ్ర్ ఇంకో దారిలో ఫ్రెంచ్‌లో షిఫ్ర్, జర్మన్‌లో త్సిఫర్, అంటే అంకె. టర్కిష్ వాళ్ళు సున్నాని నేరుగా అరబిక్ నుంచి సిఫిర్ అని తీసుకున్నారు. తర్వాత ఫ్రెంచ్ నుంచి షిఫ్రె తీసుకున్నారు, రహస్య లిపి అనీ పాస్‌వర్డ్ అనీ. ఒకే మాట రెండు గుమ్మాల్లోంచి ఒకే ఇంట్లోకి వచ్చింది.

బెర్లిన్_బాపట్ల
మా వాడు రోజూ కొత్త మీటింగ్ రూమ్‌కి వెళ్ళగానే "వైఫై షిఫ్రె ఏంటి" అంటాడు!

సందేహాల_పుట్ట
అసలు అన్నీ మా నుంచే అన్న మాట అతనికి ఎక్కడ దొరికింది?

శబ్దార్థం
అతని ఒక్కడి ఊహ కాదు. 1930లలో టర్కీలో సూర్య భాషా సిద్ధాంతం అని ఒకటి వచ్చింది. ప్రపంచ భాషలన్నీ తుర్కిక్ మూలం నుంచే అని. 1936లో ఇస్తాంబుల్ దొల్మాబాహ్చె ప్యాలెస్‌లో జరిగిన భాషా మహాసభలో దాన్ని ముందుకు తెచ్చారు. అప్పటి టర్కీ అధ్యక్షుడు అతాతుర్క్ ప్రోత్సాహం ఉండేది. 1938లో ఆయన పోయాక అది మూలపడింది.

అతన్ని చూసి నవ్వకండి. తెలుగు మొత్తం సంస్కృతం నుంచే పుట్టిందని మన ఇళ్ళలోనూ చాలామంది నమ్ముతారు. కాదని 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి చూపించాడు, అది కూడా కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటతో కలిపి అచ్చయింది. రెండు, ఇరండు, ఎరడు పక్కపక్కన పెడితే ద్వి అందులో ఎక్కడుంది? లక్ష, కోటి అరువే. ఒకటి నుంచి వెయ్యి దాకా ఉన్నవి మన సొంతం.

ఊరగాయ_జాడీ
సొంతం అంటే గుర్తొచ్చింది. మన ఆరు అంటే తడి ఆరు, దీపం ఆరు. నూరు అంటే పచ్చడి నూరు. ఏడు అంటే ఏడాది. టర్కిష్‌లో ఇలాంటివి ఉన్నాయా?

బెర్లిన్_బాపట్ల
ఉన్నాయి! యూజ్ అంటే వంద, ముఖం, ఈదు. యెది అంటే ఏడు, తిన్నాడు కూడా.

బెర్లిన్_బాపట్ల
మంగళవారం. నిన్న జరిగింది చెప్పాలి. ఏఴు, యెతి కాగితం మీద రాసి చూపించాను. చాలాసేపు చూశాడు. సూర్య భాష సంగతి నేను ఎత్తలేదు, శబ్దార్థం గారి మాట గుర్తుపెట్టుకున్నాను. షెష్ అంటే ఏ భాష అని అడిగాను. "తావ్లా భాష" అన్నాడు. చిన్నప్పటి నుంచీ తాతతో ఆడుతూ అరుస్తున్న మాటలు ఫార్సీవి అని అతనికి ఎవరూ చెప్పలేదట. అక్కడికక్కడే తాతకి ఫోన్ చేశాడు. ఆయనకి తెలుసు, నవ్వుతూ ఆరు అంకెలూ వరసగా చెప్పారు. శనివారం నన్ను వాళ్ళింటికి తావ్లా ఆడటానికి పిలిచారు. నేను అష్టాచెమ్మా నేర్పిస్తానని చెప్పాను. గవ్వలు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయో తెలియదు.

గవ్వలాట
గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒకవైపు అరగదీసి వాడండి, మేమూ అలాగే ఆడేవాళ్ళం. బెర్లిన్‌లో ఆసియా కొట్లలో చింతపండు గింజలతో ఉన్నది దొరుకుతుంది. నాలుగే కావాలి. పందేలు ఒకటి, రెండు, మూడు, చెమ్మా, అష్టా. నాలుగు పిక్కలతో ఏడు ఎలాగూ పడదు, ఆ గొడవ మళ్ళీ రాదు.